వడ్డించింది ఎవరు?

మా గైడ్ మేడమ్ పోయారు. ఎవరూ చంపలేదు, గుండె ఆగి పోయారు. ఈ రెండో మాట కూడా కలిపి చెప్పాల్సి రావడమే మా పల్నాడు. పొద్దున ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి "అక్క పోయిందండీ" అనగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎవరు?" అని. అయ్యో అని కాదు, ఎట్లా అని కాదు, ఎవరు అని. ఆమె కూడా ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తప్పు పట్టలేదు. "ఎవరూ కాదండీ, టీ తాగుతా తాగుతా కుర్చీలో పక్కకి వాలిపోయింది" అని నాకు జవాబు చెప్పి, ఆ తర్వాత ఏడ్చింది.

నేను నరసరావుపేటలో బస్సు దిగేలోపే వాట్సాప్ గ్రూపుల్లో నివాళులు మొదలయ్యాయి. సౌమ్యురాలట. మృదుభాషిణట. అజాతశత్రువట. ఎవరి గురించండీ ఇదంతా? ఆవిడతో ఒక్క గంట కూర్చున్న మనిషి ఎవరూ ఈ మాటలు రాయలేరు. మేడమ్‌కి శత్రువులు ఉన్నారు. ఊరికే వచ్చిపడిన వాళ్ళు కాదు, ఆవిడ పనిచేసి సంపాదించుకున్న వాళ్ళు. చనిపోయిన ఆడమనిషిని వెంటనే మెత్తగా చేసి పక్కన పెట్టకపోతే మనవాళ్ళకి తోచదు. బతికి ఉండగా "ఆవిడతో పెట్టుకోకండి" అన్న నోళ్ళే ఇప్పుడు మృదుభాషిణి అంటున్నాయి. ఆ అబద్ధం గడ్డకట్టకముందే నాలుగు మాటలు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పుకుంటూ, చిన్న పత్రికలకి వ్యాసాలు రాస్తూ, ఆ వ్యాసాల వల్ల చుట్టాలతో మాటలు పోగొట్టుకుంటూ నలభై దాటాక పీహెచ్‌డీలో చేరిన మనిషిని. మేడమ్ యూనివర్సిటీలో సోషియాలజీ చెప్పేవారు. నాకంటే కాస్తే పెద్ద. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగిన వాళ్ళని "నువ్వు ఎందుకు చేసుకున్నావో ముందు చెప్పు" అని అడిగేవారు. స్కూటీ మీద తిరిగేవారు. బండి దిగాక కూడా హెల్మెట్ తియ్యడం మర్చిపోయి, అట్లాగే కారిడార్లో నడుస్తూ, అద్దంలోంచి పిల్లల్ని తిట్టేవారు.

మొదటిసారి నా సినాప్సిస్ పట్టుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. "పల్నాడు గ్రామాల్లో ముఠా కక్షలు: కారణాలు, పర్యవసానాలు" అని పేరు పెట్టి, బైండింగ్ కూడా చేయించుకుని వెళ్ళాను. ఆవిడ పేరు చదివారు. చదివి, టీ గ్లాసు కింద పెట్టారు, బల్ల మీద మరక పడకుండా.

"ఏందమ్మా ఇది?"

"సినాప్సిస్ మేడమ్."

"అది కనపడతానే ఉంది. ఇందులో నీదేంది అని అడుగుతున్నా. కారణాలు అందరికీ తెలుసు. చంపుకునే వాళ్ళకి ఇంకా బాగా తెలుసు. నువ్వు పోయి వాళ్ళకి కొత్తగా చెప్తావా, ఒరేయ్ నువ్విందుకు చంపుతున్నావురా అని?"

నేను ఊరుకునే రకం కాదు. మా ఊళ్ళో శవాలు చూస్తూ పెరిగినదాన్ని, ఈ విషయం మీద రాసే హక్కు నాకుంది అన్నాను. గొంతు కూడా పెంచాను.

"హక్కుంటే పొలానికి పాస్‌బుక్కు తెచ్చుకో. థీసిస్‌కి హక్కు చాలదు, ప్రశ్న కావాలి. పద లైబ్రరీకి."

రీసెర్చ్ గ్యాప్ అనే మాట మీద మా యూనివర్సిటీలో నడిచే తమాషా బయటివాళ్ళకి తెలియదు. ప్రతి విద్యార్థీ ఒక గ్యాప్ చూపించాలి. అంటే ఇంతకుముందు ఎవరూ చెయ్యని పని ఏదో నువ్వు చేస్తున్నట్టు రాసివ్వాలి. మా జిల్లా కొత్తగా విడిపోయినప్పుడు చాలామందికి పండగైంది. పాత థీసిస్ గుంటూరు జిల్లా మీద ఉంది, పల్నాడు జిల్లా మీద లేదు, కాబట్టి గ్యాప్ ఉంది! గవర్నమెంటు గీత గీసి ఇచ్చిన గ్యాప్ అది. దాన్ని దర్జాగా ఆమోదించిన పెద్దమనుషులే నా అధ్యాయానికి తర్వాత పద్ధతి లేదన్నారు. ఆ సంగతికి వస్తాను.

లైబ్రరీలో థీసిస్‌లు పెట్టే గదిలోకి తీసుకెళ్ళి, కక్షల మీద ఉన్నవన్నీ బల్ల మీద గుట్టగా పోయించారు మేడమ్. "మధ్యలో చదవొద్దు. మధ్యలో అందరూ బాగానే రాస్తారు. ఒక్కో గొడవ కథ ఎక్కడ ఆపేశారో ఆ చివరి పేరా చదువు. పైకి చదువు, నేను వింటా" అన్నారు. చదివాను. గొడ్డళ్ళు, వేటకొడవళ్ళు, నాటుబాంబులు, తగలబడ్డ వాములు, చెయ్యి తెగిన మనిషి, కళ్ళముందే కొడుకు పోయిన ముసలాయన, అరెస్టులు, బెయిళ్ళు. తర్వాత ఒక్క వాక్యం. "అనంతరం పెద్దల సమక్షంలో ఇరువర్గాల మధ్య రాజీ కుదిరింది." ఇంకో థీసిస్ తెరిచాను. చంపడం వేరు, ఊరు వేరు, చివరి వాక్యం అదే. ఇంకోటి. అదే.

"ఆ వాక్యం మళ్ళీ చదువు" అన్నారు.

చదివాను.

"వానొచ్చినట్టు దానంతటది వచ్చిందంట రాజీ. ఎవరు పిలిచారు, ఎవరు ఒప్పుకున్నారు, ఒప్పుకోనన్న మనిషిని ఏం చేశారు, ఒక్కడూ రాయలేదు. ఇంతమంది ఇన్నేళ్ళు గొడవ ఎట్టా మొదలైందో చూశారే గానీ ఎట్టా ఆగిందో చూళ్ళేదమ్మాయ్. ఇదిగో ఈ ఒక్క వాక్యం నీ థీసిస్. ఇంకేం వద్దు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక చెప్పిన మాట మాత్రం ఆవిడ ప్రతి విద్యార్థికీ చెప్తారని తర్వాత తెలిసింది. "గ్యాప్ అంటే ఎవరూ లేని ఖాళీ జాగా అనుకుంటారు పిల్లలు. కాదు. అక్కడ ఎవరో ఒకరుంటారు. వాళ్ళని బయటికి నెట్టి తలుపేస్తే మనకి ఖాళీగా కనపడుద్ది. నువ్వు పోయి ఆ మనిషిని పట్టుకోవాల."

మా ఊరు బొల్లాపల్లి వైపు. వానమీద బతికే నేల, మాట కంటే ముందు చెయ్యి లేచే ఊరు. ఒక వర్గానికి మా పెదనాన్న పెద్ద. నేను రాసే వ్యాసాలు ఆయనకి గిట్టవు, కానీ తమ్ముడి కూతురు డాక్టరేట్ చేస్తోందంటే ఆయన మీసానికి బలం. మడత మంచం వాల్చి, కూల్‌డ్రింక్ తెప్పించి, ఫోన్ రికార్డర్ ముందు కూర్చుని, కొన్నేళ్ళ కిందట మా ఊళ్ళో ఒకాయన్ని నరికేసిన కేసులో రాజీ ఎట్లా చేశారో పూసగుచ్చినట్టు చెప్పాడు.

"పోలీసోళ్ళు, లాయర్లు, వాళ్ళ వల్ల ఏం అయిద్దమ్మాయ్? మేం కూచోబెట్టాం. ఒకే బంతిలో తిన్నాం. నరికినోడు, పోయినోడి తమ్ముడు, పక్కపక్కన ఆకులేసుకుని. ఆడ కత్తులుంటాయనుకున్నారు అందరూ. నవ్వుకుంటా లేచారు. రాసుకో, మనూరి సంస్కారం అది."

ఇంత చక్కటి ఇంటర్వ్యూ దొరికిందని పొంగిపోతూ మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వినేవారు, ఏది విన్నా. పెదనాన్న గొంతు నడుస్తోంది, పొట్టు రాలుతోంది. బంతి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఆపు. వడ్డించిందెవరు?"

"ఎక్కడ మేడమ్?"

"ఒకే బంతిలో తిన్నారంట గదా. అన్నం దానంతటది ఆకుల్లోకి నడిచి వచ్చిందా?"

"ఎవరో ఆడవాళ్ళుంటారు మేడమ్."

"ఎవరో అంటే?"

నేను ఆడవాళ్ళ హక్కుల మీద పత్రికల్లో నిప్పులు కక్కే మనిషిని. భూమి ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. మా ఇళ్ళలో తినేవాళ్ళు లెక్కకి వస్తారు, వడ్డించేవాళ్ళు గోడ లాంటివాళ్ళు. నా ప్రశ్నావళిలో ఎన్నో ప్రశ్నలున్నాయి, అందులో ఈ ప్రశ్న లేదు. మేడమ్ తిట్టలేదు. శనక్కాయ పొట్టు ఊదేసి, "పోయి అడిగిరా. బస్సుంది గదా" అన్నారు, అంతే.

వడ్డించింది చనిపోయినాయన భార్య.

వరసకి ఆమె నాకు అత్త. మా పెదనాన్నని అన్నయ్యా అంటుంది. రాజీ తర్వాత ఊరు వదిలేసి, కారంపూడిలో రెండు గేదెలు పెట్టుకుని పాలు పోసుకుంటూ ఉంటోంది. నేను వెళ్ళేసరికి గేదెని కడుగుతోంది. ఎందుకొచ్చానో చెప్పాను. చెంబు కింద పెట్టలేదు.

"మీ పెదనాన్న పంపాడా?"

"లేదత్తా. మా మేడమ్ పంపింది. బంతిలో వడ్డించిందెవరో కనుక్కురమ్మంది."

అప్పుడు కింద పెట్టింది. నా మొహంలోకి చూసి, "ఎవురే ఆవిడ? ఆవిడకెట్టా తెలిసింది అడగాలని?" అంది.

ఆమె చెప్పింది ఇక్కడ కొద్దిగానే రాస్తాను, మొత్తం థీసిస్‌లో ఉంది. పొలంలో కూలీలకి మజ్జిగ బిందె ఎత్తుకుని వెళ్తోంది. ఆమె భర్త బస్టాపు దగ్గర టీ తాగుతున్నాడు. రోడ్డుకి అడ్డంగా ట్రాక్టరు వచ్చి ఆగింది. ముందు ఒక బాంబు వేశారు, మనిషి మీద కాదు, జనం చెదిరిపోవడానికి. పొగలోంచి దిగారు. ఆయన పరిగెత్తబోయి టీ బండి మీద పడ్డాడు. పాలు, నెత్తురు కలిసి రోడ్డు మీద ఒకటే ధారగా పారాయని చెప్పింది. ఈమె బిందె వదిలేసి పరిగెత్తితే ఒకడు జుట్టు పట్టుకుని ఆపాడు. ఆపి, చివరిదాకా అక్కడే నిలబెట్టాడు.

"మొహాలకి గుడ్డలు కట్టుకోలేదా అత్తా?" అని అడిగాను.

"ఎందుకే కట్టుకోవడం? మనూళ్ళో చూసినోళ్ళం చూళ్ళేదంటాం గదా."

కేసులో ఆమే మొదటి సాక్షి. కోర్టు వాయిదాకి వారం ఉందనగా బంతి పెట్టారు. నాటుకోడి, పప్పు, గోంగూర. చనిపోయినాయన ఇంటి మనిషే వడ్డించాలన్నారు, మనసులో ఏం లేదని తెలియడానికట. ఆమె కూతుర్ని పక్క గదిలో నరికినవాళ్ళ ఇంటి ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. ఎందుకు కూర్చోబెట్టారో ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. మొదటి వేటు వేసినవాడి ఆకు దగ్గరికి వచ్చేసరికి వాడు తల ఎత్తకుండా చెయ్యి అడ్డం పెట్టి "చాలు వదినా, చాలు" అన్నాడు.

"పులుసు గరిటె చేతిలోనే ఉంది. కాలతా ఉంది. మూతి మీద పొయ్యొచ్చు. లోపల పిల్ల దగ్గుతా ఉంటే ఇనపడతంది. పొయ్యలా. మీ పెదనాన్న నా చేతి వైపే చూస్తన్నాడు. అంతా అయినాక పక్కనోడితో అంటన్నాడు, చెల్లెమ్మ చెయ్యి వణకలేదు, ఇంక పర్లేదు అని."

ఇదండీ సంస్కారం. ఆ భోజనం సయోధ్య కాదు, పరీక్ష. ఇక్కడ చెయ్యి వణక్కపోతే కోర్టులో మాట వణకదని పెద్దమనుషుల లెక్క. వణకలేదు. బోనులో నిలబడి "నేను చూళ్ళేదండి" అంది. కేసు కొట్టేశారు, నిందితులందరూ ఇళ్ళకొచ్చారు. ఇన్ని పుస్తకాల్లో "రాజీ కుదిరింది" అన్న వాక్యం వెనక ఒక ఆడమనిషి గరిటె పట్టుకుని నిలబడి ఉంది, మనం బంతిలో కూర్చున్న మగవాళ్ళని అడిగి రాసుకుంటూ పోయాం.

నేను లేచి వస్తుంటే అత్త గడప దాకా వచ్చింది. "కోర్టులో చూళ్ళేదన్నాను. అది కాయితం మీద ఉండిపోయింది. నువ్వు రాసేదాంట్లో చూశానని రాయి. నేను చచ్చేలోపు ఏదో ఒక చోట చూశానని ఉండాల" అంది. ఆమె అడిగింది అదొక్కటే. న్యాయం చెయ్యమనలేదు, కేసు తిరగదోడమనలేదు. చూశాను అన్న మాట ఒకచోట నిలబడాలి.

ఆ అధ్యాయం కోపంతో రాశాను. పేజీకి నాలుగుసార్లు రాక్షసులు, నరరూప మృగాలు అన్నాను. మేడమ్ ఒక్కో మాటా కొట్టేస్తూ పోయారు. పోట్లాడాను. ఇది మీ ఏసీ గది సోషియాలజీ అన్నాను. నిజానికి ఆవిడ గదిలో ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు. ఆవిడ పెన్ను మూత పెట్టి అన్నారు: "నీ కోపం నీది. ఆమె చూసింది ఆమెది. నీ కోపం పక్కన నిలబెట్టావంటే ఆమె కనపడదు. నీ కోపం పత్రికకి రాసుకో, నేను కొని చదువుతా." అందుకే ఇది ఇక్కడ, పత్రికలో రాసుకుంటున్నాను. కొని చదువుతానన్న ఆ ఒక్కరూ లేరు, అంతే తేడా.

తర్వాత ఒక సెమినార్‌లో ఆ అధ్యాయం చదివాను. ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరో వీడియో తీసి మా ఊరికి పంపారు. పేర్లు లేకపోయినా మా ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. ముందు నాకు ఫోన్లు, తర్వాత డిపార్ట్‌మెంట్‌కి ఫోన్లు. ఆ పైన ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను మేడమ్ ఇంట్లోనే ఉండి అధ్యాయం దిద్దించుకుంటుంటే, వాకిట్లో రెండు బైకులు ఆగాయి. ముగ్గురు కుర్రాళ్ళు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాటు, ఇద్దరి చేతుల్లో ఇనపరాడ్లు. ముందు స్కూటీని నుజ్జు చేశారు. తర్వాత కిటికీ. గాజు పెంకులు నా ఒళ్ళోకి, కాగితాల మీదకి వచ్చి పడ్డాయి. బ్యాటువాడు లోపలికి వచ్చి మేడమ్ కుడి మణికట్టు పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు.

"ఏమే, మా ఊరి సంగతి నీకెందుకే?"

ఎముక శబ్దం నేను విన్నాను. పచ్చి కంది పుల్ల విరిగినట్టు ఉంటుంది. మేడమ్ ఎడమ చేత్తో కుర్చీకి తగిలించిన హెల్మెట్ అందుకుని వాడి మూతి మీద కొట్టారు. మళ్ళీ కొట్టారు. వాడు నోరు పట్టుకుని కూలబడ్డాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం, చాప మీద ఒక పన్ను. మిగతా ఇద్దరికీ ఇది లెక్కలో లేదు. వాణ్ణి ఎత్తుకుని బైకుల వైపు ఉరికారు. ఆవిడ వాకిట్లోకి వచ్చి, విరిగిన చెయ్యి పొట్టకి అదుముకుని, వీధంతా వినపడేట్టు "ఒరేయ్, బ్యాటు మర్చిపోయార్రా!" అని అరిచారు.

సౌమ్యురాలు! నాకు నవ్వొస్తోంది రాస్తుంటే. ఆ కుర్రాడు స్టేషన్‌కి పోయి మేడమ్ మీద కేసు పెట్టాడు. దారిన పోతున్న తనని పిలిచి కొట్టిందట. అది తీసుకున్నారు. ఆవిడ ఫిర్యాదు తీసుకోవడానికి మాత్రం మేం స్టేషన్ ముందు చాలాసార్లు కూర్చోవాల్సి వచ్చింది. చివరికి రెండు కేసులూ నడిచాయి.

అప్పుడు వచ్చారు పెద్దమనుషులు. తెల్ల చొక్కాలు, మామిడిపళ్ళ బుట్ట.

"మేడమ్ గారూ, కుర్రాడి పన్ను ఊడింది, మీ చెయ్యి విరిగింది. ఇద్దరికీ సరిపోయింది. కోర్టుల చుట్టూ ఏం తిరుగుతారు? రాజీ పడదాం."

నేను నోరు తెరవబోతే మేడమ్ కళ్ళతోనే ఆపారు. చాలా మర్యాదగా అడిగారు. "భోజనాలు ఎక్కడండీ?"

"మీరెక్కడంటే అక్కడ!"

"మరి వడ్డించేది మీరేనా?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అట్టయితే కోర్టులో కలుద్దాం. పళ్ళు తీసుకుపోండి, ఆ పిల్లోడికి మెత్తగా ఉంటాయి."

ఆ మణికట్టు సరిగ్గా అతకలేదు. తర్వాతి దిద్దుబాట్లన్నీ ఎడమచేత్తోనే. ఒకటో తరగతి పిల్ల రాసినట్టు వంకర అక్షరాలు. ఆ చేతికట్టుతోనే వాయిదాలకి వెళ్ళేవారు. కోర్టు వరండాలో కూర్చుని వేరే పిల్లల థీసిస్‌లు దిద్దేవారు. ఒకసారి ఉండబట్టలేక, ఎందుకు మేడమ్ ఇదంతా, ఆ అధ్యాయం పేరు మార్చి, ఊరు మార్చి మెత్తగా రాస్తే పోతుంది కదా అన్నాను. నేనే అన్నాను, ఇంత అరిచేదాన్ని. ఆవిడ తల ఎత్తకుండానే "వాళ్ళు కొట్టారంటే గ్యాప్ సరిగ్గానే దొరికింది. ఎవరూ లేని చోట తలుపు కాపలా ఎందుకు కాస్తారు?" అన్నారు.

థీసిస్ సమర్పించడానికి మరో అడుగు ఉందనగా ఆవిడ పోయారు.

ఇంటికి చేరేసరికి హాల్లో ఐస్ బాక్సు పెట్టి ఉంది. అద్దం మీద చెమ్మ పట్టి మొహం సరిగ్గా కనపడటం లేదు, చెల్లెలు తుడుస్తోంది. డిపార్ట్‌మెంట్ వాళ్ళంతా ఉన్నారు. నాకు కొత్త గైడ్‌గా ఉండబోయే సార్ నా పక్కకి వచ్చి కాసేపు నిట్టూర్చి, గొంతు తగ్గించాడు.

"ఇది సమయం కాదనుకో అమ్మా. ఆ నాలుగో అధ్యాయం కొంచెం ఎమోషనల్‌గా ఉంది. పద్ధతి ప్రకారం ఒక్క మనిషి మాట మీద అధ్యాయం నిలవదు. అనుబంధంలో పెడదాం. తీసెయ్యమనట్లేదు గదా."

అనుబంధంలో! బంతిలో ఆకు లేదు, కోర్టులో మాట లేదు, ఇప్పుడు పుస్తకంలో కూడా వెనక వరండాలో కూర్చోమంటున్నాడు అత్తని. గురువు శవం ఇంకా ఇంట్లోనే ఉంది. నేను ఏం అనేదాన్నో తెలియదు, బయట కారు ఆగింది.

మా పెదనాన్న. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ మోయలేని చామంతి దండ, వెనక ఫొటోగ్రాఫరు. ఆయన కొడుకు ఈసారి ఎన్నికల్లో నిలబడుతున్నాడు. నన్ను చూసి గేటు దగ్గరే ఆగి, తల మీద చెయ్యి వేశాడు.

"ఏదో జరిగిపోయిందమ్మాయ్. పోయినోళ్ళతో పగలేంది? దండేసి దణ్ణం పెట్టుకుని పోతా. నువ్వూ ఆ కాయితాలు పక్కన పడేస్తే అందరం ఒకటే గదా."

గేటు లోపల మెట్టు మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. కబురు తెలియగానే కారంపూడి నుంచి దొరికిన బస్సెక్కి వచ్చిందట. మేడమ్‌ని ఆమె ఎప్పుడూ చూడలేదు, మొదటిసారి చూడటం ఐస్ బాక్సులోనే. లేచి, కొంగు దోపుకుని, గేటుకి అడ్డంగా నిలబడింది.

"అన్నయ్యా."

"నువ్వా చెల్లెమ్మా! నువ్వేంది ఇక్కడ?"

"నేను చూశాను అన్నయ్యా."

"ఏంది చూసింది?"

"ఆ రోజు. కోర్టులో చూళ్ళేదన్నా. చూశాను. నువ్వు ట్రాక్టరు మీద కూచుని ఉన్నావు. మెడ తర్వాత, ముందు కాళ్ళ మీద ఎయ్యండ్రా, పరిగెత్తుతాడు అన్నావు. ఇన్నాను గూడా."

ఈ చివరి మాట నా రికార్డులో లేదు. అన్నిసార్లు కూర్చున్నా నాకు చెప్పలేదు. మా పెదనాన్న అని దాచిందో, తన నోటితో అనలేకపోయిందో తెలియదు. వాకిట్లో యూనివర్సిటీ వాళ్ళున్నారు, వీధిలో వాళ్ళున్నారు, ఆయన తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు ఉన్నాడు. అందరూ విన్నారు.

"దీనికి మతి పోయింది" అన్నాడు పెదనాన్న, అందరి వైపూ చూస్తూ నవ్వబోయాడు. ఎవరూ కలిసి నవ్వలేదు. "పక్కకి జరుగు."

"జరగను. దండ నీ కారుకేసుకో."

ఒకడు ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. మేడమ్ చెల్లెలు తడి గుడ్డ చేత్తోనే వచ్చి అత్త పక్కన నిలబడింది. నేను వెళ్ళాను. మేడమ్ దగ్గర చదివిన ఆడపిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. నాలుగు మాటలు, రెండు బూతులు, ఒక బెదిరింపు అయ్యాక కారు వెనక్కి వెళ్ళింది. దండ దించిన చోటే మట్టిలో ఉండిపోయింది.

నాలుగో అధ్యాయం నాలుగో అధ్యాయంగానే ఉంటుంది. అందులోకి ఇంకో రెండు వాక్యాలు వస్తాయి. కొత్త గైడ్ సార్‌కి ఆ వాకిట్లోనే చెప్పాను, ఒక్క మనిషి మాట అన్నారుగా సార్, ఇప్పుడు విన్నవాళ్ళలో మీరూ ఉన్నారు, రేపు మిమ్మల్ని కూడా అడుగుతాను అని. ఆయన చెప్పులు వెతుక్కోవడంలో మునిగిపోయాడు. యూనివర్సిటీ ఒప్పుకుంటుందా? తెలియదు. మా పెదనాన్న మనుషులు ఊరుకుంటారా? ఊరుకోరు. అది నేను చూసుకుంటాను.

మధ్యాహ్నం వ్యాను కదిలింది. శ్మశానం దారిలో మిరపకాయల లారీలు వరసగా ఆగి ఉన్నాయి, టిక్కీలు, అదే మిరప బస్తాలు, దించుతున్నారు. ఘాటుకి మేమంతా ఒకటే దగ్గు, ప్రొఫెసర్లూ, పిల్లలూ కొంగులూ చేతిరుమాళ్ళూ ముక్కుకి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుని నడుస్తున్నారు. అత్త వ్యానుకి ముందు నడుస్తోంది. ముక్కుకి ఏం అడ్డం పెట్టుకోలేదు. కళ్ళు ఎర్రగా మండుతూ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు, మూయడం లేదు. ఎదురొచ్చే ప్రతి మొహంలోకి చూసుకుంటూ నడుస్తోంది.